తలుపులు చాలా, మెట్లు తక్కువ

నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి ఆయన్ను ఒక పక్కకు తిప్పడానికి ముగ్గురం ఆపసోపాలు పడ్డాం. నేను చెయ్యి పట్టి లాగాను, అక్క కాళ్లు ఎత్తింది, బావ తలగడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మూలిగారే తప్ప తిరగలేదు. మర్నాడు పొద్దున్నే ఏజెన్సీ వాళ్లు పంపిన అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి, శ్రీకాకుళం జిల్లా. చెప్పులు బయట విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి ముందు నాన్న మొహంలోకి చూసింది. "తాతా, ఓపాలి ఇటు తిరుగుదామా?" అని అడిగింది. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి నడుం కిందకి జరిపింది. పడిపోయిన చేతిని తీసి పొట్ట మీద పెట్టింది, మోకాలు మడిచింది, దుప్పటి అంచు పట్టుకుని తనవైపు లాగింది. ఆయన తిరిగారు. "ఆ చెయ్యి లాక్కూడదు సార్, బుజం జారిపోద్ది" అంది నాతో. రాత్రంతా నేను లాగింది ఆ చెయ్యే.

తర్వాత మడమలు చూసింది, తుంటి చూసింది, నడుం కింద ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందేమోనని వేలితో నొక్కి చూసింది. గోడ క్యాలెండర్ వెనక రెండు గంటలకొకసారి ఏ పక్క తిప్పాలో రాసుకుంది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, మొదట చేరిన ఆస్పత్రిలో ఒక సిస్టరమ్మ చూపించిందట. సర్టిఫికెట్ లేదు. మేం నెలకు కట్టేదానిలో మూడో వంతు ఏజెన్సీదేనని తర్వాత తెలిసింది.

ఆరోగ్య, సంరక్షణ రంగంలో ఉద్యోగం మొదలుపెట్టాలనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "దేంట్లో చేరితే తొందరగా ఉద్యోగం వస్తుంది?" ఆ ప్రశ్నకు జవాబు తేలికే. వీటిలో చాలా వాటిలో తొందరగానే వస్తుంది. అడగాల్సింది రెండో ప్రశ్న. చేరిన చోటి నుంచి పైకి మెట్టు ఉందా? ఈ రంగంలో లోపలికి తలుపులు ఎన్నో. కానీ కొన్ని తలుపులు మెట్ల దగ్గరకు తెరుచుకుంటే, కొన్ని నాలుగు గోడల గదిలోకి తెరుచుకుంటాయి. పదేళ్లు పనిచేసినా చేరిన రోజు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు.

మొదటి చిక్కు పేరుతోనే. బ్రిటన్‌లో ఇదంతా 'హెల్త్ అండ్ సోషల్ కేర్' అని ఒకే గొడుగు కింద ఉంటుంది. మన దగ్గర ఆస్పత్రి నర్సు వైద్య ఆరోగ్య శాఖ, అంగన్‌వాడీ టీచరు మహిళా శిశు సంక్షేమం, దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్టీ విద్యాశాఖ, వృద్ధుల సంగతి ఇంకో శాఖ. ఇంట్లో మంచం పక్కన కూర్చునే మనిషికి ఏ శాఖా లేదు. 'కేర్‌టేకర్' అంటాం, 'ఆయమ్మ' అంటాం, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ 'పనమ్మాయి' అంటారు. పేరే ఖాయం కాని పనికి జీతం ఏం ఖాయమవుతుంది?

అవసరానికి మాత్రం లోటు లేదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో అరవై దాటినవాళ్లు 14.9 కోట్ల మంది, అంటే జనాభాలో 10.5 శాతం. 2050 నాటికి ఇది 34.7 కోట్లకు, 20.8 శాతానికి చేరుతుందని అంచనా. దక్షిణాది రాష్ట్రాలు ముందుగా ముదురుతున్నాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి బహిరంగంగా చెప్పాల్సిన రోజులొచ్చాయి. ఉన్న పిల్లలేమో డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటున్నారు. గోదావరి జిల్లాల్లో, కృష్ణా గుంటూరు పల్లెల్లో మూడంతస్తుల మేడలో ఇద్దరు ముసలివాళ్లు, ఒక కేర్‌టేకరు ఉన్న ఇళ్లు ఇప్పుడు వింత కాదు.

అన్నిటికన్నా పాత తలుపు నర్సింగ్. ఎక్కువ మెట్లు ఉన్నదీ ఇదే. మెట్రిక్యులేషన్ దాటిన ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న కాలంలో తెలుగు జిల్లాల్లోకి దీన్ని మోసుకొచ్చినవి మిషన్ ఆస్పత్రులు. 1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం ఇసబెల్ కెర్ పనిచేశారు. ఒంటిని, రక్తాన్ని, మలమూత్రాల్ని తాకే పని కాబట్టి పెద్ద కులాల వాళ్లు ఆడపిల్లల్ని పంపలేదు. క్రైస్తవం పుచ్చుకున్న దళిత కుటుంబాల ఆడపిల్లలు ఎందరో ముందుకొచ్చారు. ఈ చరిత్ర మనం ఎక్కువ చెప్పుకోం. కానీ నర్సుకి దక్కాల్సిన మర్యాద దక్కకపోవడానికి ఇదొక మూలం. ఒంటిని ముట్టుకునే డాక్టరుకు దండం పెట్టి, అదే ఒంటిని కడిగే మనిషికి వేరే గ్లాసు పెట్టిన ఇళ్లు నేను చూశాను.

నేటి మెట్లు ఇవి. ఇంటర్ ఏ గ్రూపు చదివినా ఏఎన్ఎం కోర్సులో చేరొచ్చు, 2 ఏళ్లు, ఆడపిల్లలకే. పదో తరగతి తర్వాత ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ తీసుకుని, ఆపైన ఏడాది ఆస్పత్రి శిక్షణ పూర్తి చేసి ఇదే మెట్టుకు చేరే దారి తెలుగు రాష్ట్రాల్లో ఉంది. డబ్బు లేని ఇళ్ల పిల్లలకు అక్కరకొచ్చే దారి అది. జీఎన్ఎం 3 ఏళ్లు, అబ్బాయిలూ చేరొచ్చు. బైపీసీ చదివితే బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు. జీఎన్ఎం చేసినవాళ్లు ఇంకో 2 ఏళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ వాళ్లతో సమానం. ఆపైన ఎంఎస్సీ, కాలేజీలో పాఠాలు చెప్పే దారి. ఏ చదువైనా చివర రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు రావాలి. ఆ నంబరే ఆస్తి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. చట్టం మారినా సూత్రం అదే, నంబరు లేని నర్సు నర్సు కాదు. మీరు చేరబోయే కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టాక కాదు, కట్టక ముందు చూసుకోవాలి. ఈ మాట రాయడానికే సిగ్గేస్తుంది. కానీ ఏటా ఎవరో ఒక తండ్రి ఫోన్ చేసి, మూడో ఏడాదిలో ఉండగా గుర్తింపు లేదని తేలిందని చెబుతూనే ఉన్నాడు.

నర్సింగ్ చదివిన పిల్లకు మొదటి రెండేళ్లు ఎలా గడుస్తాయన్నది ఎవరూ బ్రోచరులో వేయరు. మొదటి ఉద్యోగం ప్రైవేటు ఆస్పత్రిలో. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటారు, బాండ్ రాయించుకుంటారు. బాండ్ పద్ధతి కూడదని నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది, అయినా నడుస్తూనే ఉంది. పిల్లలు ఎందుకు ఒప్పుకుంటారు? అనుభవం సర్టిఫికెట్ కోసం. గల్ఫ్‌కు వెళ్లాలన్నా సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు, ఎయిమ్స్ వాళ్ల నార్‌సెట్ పరీక్ష రాయాలంటే జీఎన్ఎం వాళ్లకు యాభై పడకల ఆస్పత్రిలో 2 ఏళ్ల అనుభవం ఉండాలి. అంటే ఆస్పత్రి ఆ పిల్లకు ఇచ్చే అసలు జీతం ఆ కాగితమే, నెలనెలా చేతికొచ్చేది పైఖర్చులకు. ఈ సంగతి యాజమాన్యాలకు బాగా తెలుసు. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆస్పత్రుల్లో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. కేరళ 2018లో కనీస వేతనం నోటిఫై చేసింది. అక్కడ నర్సులు రోడ్డెక్కి సాధించుకున్నారు. మన నర్సులకు అలాంటి సంఘబలం ప్రైవేటులో ఇంకా రాలేదు.

అందుకే ప్రభుత్వ ఉద్యోగం నోటిఫికేషన్ పడితే అంతా అటే పరిగెడతారు. తెలంగాణలో 2022 డిసెంబరులో స్టాఫ్ నర్సు పోస్టుల నోటిఫికేషన్ వచ్చింది, 2023 ఆగస్టులో పరీక్ష జరిగింది, 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలిచ్చారు. ఏడాది పైచిలుకు. ఇది వేగంగా జరిగిన నియామకమని గుర్తుపెట్టుకోవాలి. సబ్‌సెంటర్లలో 'సెకండ్ ఏఎన్ఎం'లుగా కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు చివరికి కొత్త పిల్లలతో పాటు కూర్చుని పరీక్ష రాయాల్సి వచ్చింది. ఊళ్లో ప్రతి బాలింత పేరు తెలిసిన మనిషి నలభై ఐదేళ్ల వయసులో ఓఎంఆర్ షీటు మీద బుడగలు దిద్దడం ఎలా ఉంటుందో ఊహించండి.

అబ్బాయిలకు ఒక మాట. 'బ్రదర్'గా చేరేవాళ్లు పెరిగారు. ఐసీయూల్లో, ఎమర్జెన్సీలో, డయాలసిస్‌లో వాళ్లను ఇష్టంగా తీసుకుంటారు. కానీ ఎయిమ్స్ నియామకాల్లో మగవాళ్లకు కేటాయించింది 20 శాతమే. ఈ లెక్క తెలిసి చేరాలి.

ఇక ఊరి తలుపులు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వచ్చింది, వెయ్యి మంది జనాభాకు ఒకరు, ఆ ఊరి కోడలే అయి ఉండాలన్నది మూల ఉద్దేశం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. పురస్కారం ఉంది, జీతం లేదు. చట్టం కళ్లకు ఆమె ఇప్పటికీ ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు, పారితోషికం అంటారు, ప్రోత్సాహకం అంటారు. ఆంధ్రప్రదేశ్ 2019లో దాన్ని 3 వేల నుంచి 10 వేలకు పెంచింది. పెంపు పెద్దదే. కానీ ఆశా నుంచి ఏఎన్ఎంకు వెళ్లే మెట్టు కాగితం మీద 'ప్రాధాన్యం ఇవ్వవచ్చు' అన్న దగ్గర ఆగిపోయింది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన గర్భిణిని ఆటోలో కూర్చోబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లడంలో పదిహేనేళ్ల అనుభవం ఉన్నా, ఇంటర్ లేకపోతే ఏఎన్ఎం శిక్షణ గేటు దగ్గరే ఆగాలి.

అంగన్‌వాడీ కాస్త నయం, ఈ మాట అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇప్పటి నిబంధనల ప్రకారం కార్యకర్త పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవమున్న ఆయాలతో, సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవమున్న కార్యకర్తలతో నింపాలి. అంటే వంట చేస్తూ చేరిన మనిషి, చదువు కూడా ఉంటే, సూపర్‌వైజరు దాకా వెళ్లే నిచ్చెన రాసిపెట్టి ఉంది. పైగా అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా నెలకు 11,500 మీద బతకలేమని, 26 వేలు ఇవ్వాలని, గ్రాట్యుటీ అమలు చేయాలని ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఇందులో ఒక వింత ఉంది. ఎస్మా అత్యవసర సేవల చట్టం. జీతం అడిగినప్పుడు 'మీరు గౌరవ కార్యకర్తలు', పని ఆపినప్పుడు 'మీది అత్యవసర సేవ'. ఈ రెండు ముఖాలూ ఒకే సర్కారువి.

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశమంతా పాకింది. అందులో రోగిని చూసుకునే ఈఎంటీ ఉద్యోగం ధైర్యస్తులైన కుర్రాళ్లకు మంచి ఆరంభం. కానీ నిర్వహణ సంస్థ మారినప్పుడల్లా సీనియారిటీ ఏమవుతుందోనన్న భయం ఆ ఉద్యోగంతో పాటే వస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్, ఆపరేషన్ థియేటర్, ఫిజియోథెరపీ వంటివన్నీ ఇప్పుడు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకు వచ్చాయి. వాటి గురించి వేరే వ్యాసమే రాయాలి. ఒక్కటి మాత్రం ఇక్కడే చెప్పాలి. ఆ చట్టం పరిధిలోకి సైకాలజీ కూడా వచ్చింది. అందువల్ల దూరవిద్యలో, ఆన్‌లైన్లో సైకాలజీ డిగ్రీలు ఇవ్వడాన్ని యూజీసీ 2025 విద్యాసంవత్సరం నుంచి ఆపింది. దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ చేసి కౌన్సెలర్‌గా బోర్డు పెట్టుకుందామనుకునే గృహిణులు మన దగ్గర చాలామంది. ఎవరైనా ఇప్పుడు కూడా అలాంటి సీటు అమ్ముతుంటే అనుమానించాలి.

సామాజిక సేవ అనే రెండో సగం మన దగ్గర ఇంకా పలచన. ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లు ఏం చేస్తారో బంధువులకు చెప్పడమే కష్టం. హింసకు గురైన ఆడవాళ్లకు సఖి కేంద్రాలు 2015లో మొదలయ్యాయి. పిల్లల కోసం 1098, వృద్ధుల కోసం 14567, మానసిక బాధ ఉన్నవాళ్ల కోసం 14416 టెలిమానస్. ఈ నంబర్ల అవతల ఫోను ఎత్తేది సోషల్ వర్కో సైకాలజీయో చదివిన పిల్లలే. రోజుకు ఎన్ని ఏడుపులు వింటారో, వాళ్ల ఏడుపు ఎవరు వింటారో! ఉద్యోగాలు చాలావరకు పథకాల మీద ఆధారపడినవి. పథకం పేరు మారితే జీతం రెండు మూడు నెలలు ఆగడం మామూలే.

ఈ సగంలో గట్టి మెట్టు ఉన్నది వైకల్యాల రంగంలో. 1992 నాటి చట్టం ప్రకారం పునరావాస మండలి ఇచ్చే సీఆర్ఆర్ నంబరు ఉంటేనే ప్రత్యేక విద్యలో, స్పీచ్ థెరపీలో పనిచేయాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, ఈ చదువులకు దేశంలోనే పెద్ద చిరునామా. అది మన గుమ్మం ముందే ఉంది. ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమాతో చేరొచ్చు. మండలాల్లో దివ్యాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాలకు వెళ్లి చూడండి: కాళ్లు వంగని బాబును మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని ఫిజియో చేయించే టీచరమ్మ, పక్కనే చెంచాతో అన్నం తినడం నేర్చుకుంటున్న పదేళ్ల పాప. వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టువాళ్లే. మరోపక్క హైదరాబాద్‌లో కాలనీకొకటి చొప్పున వెలిసిన ఆటిజం థెరపీ సెంటర్లలో మూడు నెలల కోర్సు చేసినవాళ్లు గంటకింతని వసూలు చేస్తున్నారు. కొత్తగా చేరే పిల్లలు ఆ సెంటర్ల వెంట పడకుండా నంబరు వచ్చే చదువు చదవాలని నా గట్టి అభిప్రాయం.

ఇళ్లలో చేసే సంరక్షణ దగ్గరకు వద్దాం. మా ఇంటికొచ్చిన అమ్మాయి దారి ఇది, వేలమంది దారి కూడా. కేంద్ర నైపుణ్య పథకాల్లో 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్', 'హోమ్ హెల్త్ ఎయిడ్' అని కొన్ని నెలల కోర్సులున్నాయి, పది చదివినవాళ్లు చేరొచ్చు. గ్రామీణ యువతకు ఉచిత వసతితో శిక్షణ ఇచ్చే పథకాల్లోనూ ఇవి ఉన్నాయి. కోర్సు మంచిదే. చేయి కడగడం దగ్గర్నుంచి మంచం మీదే స్నానం చేయించడం దాకా పద్ధతిగా చెబుతారు. కానీ అది చేసినందుకు ఏఎన్ఎం సీటులో ఒక్క మార్కు కలవదు, నాలుగేళ్లు పనిచేసినందుకు ఒక నెల కోర్సు కూడా తగ్గదు. ఆ మెట్టు, పై మెట్టు మధ్య ఖాళీ ఉంది. దూకలేని ఖాళీ.

ఇది ఎవరికీ తట్టని విషయం కాదు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1953లో ఏర్పడ్డప్పుడు దాని తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్లకు తక్కువ కాలంలో పరీక్షలు పాస్ చేయించే సంక్షిప్త కోర్సులను ఆ బోర్డు 1958లో తెచ్చింది. అలా పాసైనవాళ్లు నర్సులుగా, మంత్రసానులుగా, గ్రామసేవికలుగా శిక్షణకు వెళ్లగలిగారు. ఊళ్లో మిగిలిపోయిన వితంతువుకూ భర్త వదిలేసిన మనిషికీ ఒక మెట్టు కట్టిన పని అది. అరవై ఏళ్లు దాటింది. అంత తెలివైన పని మళ్లీ ఎవరూ చేసినట్టు నాకు కనిపించదు.

విదేశం. ఈ మాట రాగానే సంభాషణ మలుపు తిరుగుతుంది. కోనసీమ, పశ్చిమ గోదావరి, కడప ప్రాంతాల నుంచి ఆడవాళ్లు కువైట్‌కు, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఇజ్రాయెల్‌కు ముసలివాళ్లను చూసుకోవడానికి ఏళ్లుగా వెళ్తున్నారు. నర్సులైతే గల్ఫ్ దేశాలకు ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని కేంద్రం 2015లో నియమం పెట్టింది. మనకు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. రిజిస్టరైన ఏజెంటు ఎవరైనా సర్వీసు చార్జీగా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఈ ఒక్క వాక్యం గోడ మీద రాసిపెట్టుకుంటే సగం మోసాలు ఆగుతాయి.

ఆగలేదు. బ్రిటన్ కథ చూడండి. కోవిడ్ తర్వాత అక్కడి కేర్ హోముల్లో మనుషులు చాలక, 2022 ఫిబ్రవరి 15న కేర్ వర్కర్లకు కూడా హెల్త్ అండ్ కేర్ వీసా ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే కోవెంట్రీలోనో హాట్‌ఫీల్డ్‌లోనో ఎమ్మెస్సీ చదువుతూ వారానికి ఇరవై గంటలు కేర్ హోముల్లో చేస్తున్న మన పిల్లలకు ఇది దేవుడిచ్చిన వరంలా కనిపించింది. బీటెక్ చదివిన కుర్రాడు మనిషిని ఎత్తే హాయిస్ట్ యంత్రంతో తొంభై ఏళ్ల ముసలాయన్ను మంచం మీద నుంచి కుర్చీలోకి దించడం, మందుల చార్టు నింపడం, 'పర్సనల్ కేర్' అనే మర్యాదపేరుతో పిలిచే పనంతా చేయడం నేర్చుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి మాత్రం 'హాస్పిటల్ మేనేజ్‌మెంట్' అని చెప్పాడు. అక్కడ ఆ పని చేయడానికి లేని సిగ్గు ఇక్కడ చెప్పడానికి ఎందుకొచ్చిందో మనమే ఆలోచించుకోవాలి.

ఆ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కు ఇక్కడి ఏజెంట్లు లక్షల్లో ధర కట్టారు. పొలం అమ్మి కట్టినవాళ్లున్నారు. నిజానికి ఉద్యోగం చూపించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం బ్రిటన్ చట్టం ప్రకారం నేరం. కొన్ని కంపెనీలకు పనే లేదు, మనిషి దిగాక షిఫ్టులు లేవన్నాయి. 2022 జులై నుంచి 2024 డిసెంబరు లోపు సంరక్షణ రంగంలో 470కి పైగా స్పాన్సర్ లైసెన్సులు రద్దయ్యాయి. లైసెన్సు పోతే పనివాడికి ఇంకో స్పాన్సరును వెతుక్కోవడానికి ఉన్న గడువు 60 రోజులు. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లు భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడం ఆపేశారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవాళ్లను ఈ వీసా మీద తీసుకోవడమే ఆపేశారు. మూడున్నరేళ్లలో తలుపు తెరిచి మూసేశారు. ఇప్పుడు ఎవరైనా 'యూకే కేర్ వీసా ఇప్పిస్తాం' అని పాంప్లెట్ పంచితే అది ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నర్సుల దారి వేరు. ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక ఓస్కీ పరీక్ష దాటి నర్సింగ్ రిజిస్టర్‌లో చేరేవాళ్లకు అది మూతపడలేదు. మళ్లీ అదే సంగతి, నంబరు ఉన్నవాడికి తలుపు ఉంది.

జర్మనీ భాష అడుగుతుంది. నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. ఏడాది పైనే కూర్చుని చదవాలి. 'డెర్, డీ, డాస్' దగ్గరే సగంమంది జారిపోతారు. ఇంటర్ పాసై భాష నేర్చుకున్న పిల్లలు మూడేళ్ల నర్సింగ్ శిక్షణలో స్టైపెండు తీసుకుంటూ చేరే దారి కూడా అక్కడ ఉంది. ఫీజు కట్టి చదవడం కాదు, జీతం తీసుకుని చదవడం. ఇది మన వాళ్లకు ఇంకా సరిగా తెలియలేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది జపాన్. అక్కడ ఈ పనిని 'కైగో' అంటారు. 2019 ఏప్రిల్‌లో తెచ్చిన నైపుణ్య వీసాలో సంరక్షణ ఒక విభాగం. మాట్లాడగలిగేంత జపనీస్, సంరక్షణ పరీక్ష పాసైతే అయిదేళ్లు పనిచేయొచ్చు. మూడేళ్లు మంచం పక్కన పనిచేసి, నిర్ణీత శిక్షణ పూర్తిచేస్తే జాతీయ పరీక్ష రాసే అర్హత వస్తుంది. పాసైతే 'కైగో ఫుకుషిషి', అంటే రిజిస్టరైన సంరక్షణ నిపుణుడు. వీసా మారుతుంది, ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చు, కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. ముసలివాళ్లు ఎక్కువైన దేశం కాబట్టి వాళ్లకు తెలిసొచ్చింది. ముసలాయన్ను మూడేళ్లు పక్క తిప్పిన చేతికి ఒక విలువ కట్టారు. ఇంగ్లండ్‌లోనూ ఆస్పత్రి సహాయకులు పనిచేస్తూనే 'నర్సింగ్ అసోసియేట్'గా, ఆపైన నర్సుగా మారే దారి 2019 నుంచి రిజిస్టర్‌కెక్కింది.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. ఇంట్లో రెండు మూడేళ్లు చదివించే ఓపిక ఉంటే నంబరు వచ్చే చదువే చదవాలి, చిన్నదైనా సరే. ఓపిక లేక వెంటనే సంపాదించాల్సి వస్తే కేర్‌టేకరుగా చేరడం తప్పు కాదు. కానీ ఇంటర్ ఒకటి ఓపెన్ స్కూల్లోనైనా పూర్తి చేసుకోవాలి, పనిచేసిన ప్రతి చోటా రాతపూర్వకంగా కాగితం తీసుకోవాలి, ఒరిజినళ్లు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఇంకొకటి, చేరే ముందు ఒక వారం ఏ ఆస్పత్రి జనరల్ వార్డులోనో బంధువుకు తోడుగా ఉండి చూడాలి. రాత్రి మూడు గంటలకు నాలుగో మంచం ముసలమ్మ పక్క తడిపి సిగ్గుతో ముడుచుకుపోతే, ఆయమ్మ విసుక్కుంటుందో, 'ఏం పర్లేదమ్మా' అంటుందో చూడాలి. ఆ ఆయమ్మ స్థానంలో తాను ఉంటే ఏమంటుందో ఆలోచించుకోవాలి. చదువు, వీసా అన్నీ ఆ తర్వాతే.

మా ఇంట్లో ఆ అమ్మాయి పద్నాలుగు నెలలుంది. నాన్నకు ఒక్క పడకపుండు పడలేదు. ఎడమ చేతి వేళ్లు కాస్త కదిలిన రోజు ఆయన కంటే ఎక్కువ కేకలు వేసింది తనే. ఇంటర్ సీఈసీ పాసైందని తెలిసి, ఏఎన్ఎంకు అప్లై చేయమన్నాం. అక్క దరఖాస్తు తెప్పించింది. హాల్లో కింద కూర్చుని ముగ్గురం నింపాం. పేరు, కులం, పుట్టిన తేదీ, పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు. చివరి పేజీ తిప్పి చూసి, "సార్, నాలుగేళ్లు చేసింది ఎక్కడ రాయాల?" అంది. వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి చూశాం. ఆ గడి లేదు. కాసేపు ఊరుకుని, ఏజెన్సీ ఇచ్చిన ఐడీ కార్డు తీసుకుని కిందకి వెళ్లి జిరాక్సు తీయించుకొచ్చింది. ఆఖరి కాగితం వెనక పెట్టి, అడగని జిరాక్సుకు రెండు పిన్నులు కొట్టింది.